మూడుంపావే చూపించిన మిషన్

గుర్నాథం మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు, చేతిలో స్క్రూడ్రైవర్ పెడతారు. తణుకులో సైకిల్ షాపు మేడ మీద ఆయన దగ్గర కంప్యూటర్ రిపేరు నేర్చుకునే రోజుల్లో ఆ అలవాటుకి నాకు ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం హైమావతి అడిగింది. నలభై దాటిన మనిషి. భర్త పోయాక అన్నగారింటికి చేరి, రెండు నెలలుగా మాతోపాటు నేర్చుకుంటోంది.

"మాస్టారూ, అన్నయ్యా వదినా మంచివాళ్ళే. తిన్నావా, పడుకున్నావా అని అడుగుతారు. అంతే. పదకొండేళ్ళు కాపురం చేశాను. ఆ మాట ఎత్తితే చాలు, టీవీ వైపు తిరుగుతారు. గట్టిగా మాట్లాడుతున్నానేమోనని గొంతు తగ్గించాను. ఏడుపు మొహం పెడుతున్నానేమోనని నవ్వడం నేర్చుకున్నాను. ఇంకా నాలో ఏం తప్పుందో చెప్పండి, దిద్దుకుంటాను. ఇంటినిండా మనుషులున్నా ఒంటరిగా ఉంది మాస్టారూ."

మాస్టారు ఒక పాత మిషన్ ఆమె ముందుకి జరిపారు. ఎవరో లాయరు గుమాస్తా తెచ్చింది. నాలుగు జీబీల ర్యామ్ ఉన్నదానికి ఇంకో నాలుగు కొని పెట్టించాడట, అయినా నత్తనడకేనట. ఆన్ చేస్తే ఎనిమిదిలో మూడుంపావు జీబీలే వాడుకుంటున్నట్టు తెరమీద చూపించింది.

ర్యామ్ పట్టలేదంటే మా అందరికీ తెలిసిన వైద్యం ఒక్కటే. బయటికి లాగి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం. హైమావతి రుద్ది పెట్టింది. మూడుంపావే. మళ్ళీ రుద్దింది. మూడుంపావే. నాలుగోసారికి నాకే విసుగొచ్చింది.

చివరికి మాస్టారు, "ఆ రెండు ర్యామ్‌లూ తీసి పక్క మిషన్‌లో పెట్టు," అన్నారు. పెట్టింది. ఎనిమిదికి ఎనిమిదీ కనబడ్డాయి. తిరిగి పాతదాంట్లో పెడితే మళ్ళీ అదే మూడుంపావు.

"పాత ముప్ఫై రెండు బిట్ల సిస్టమ్ అమ్మా అది," అన్నారు మాస్టారు. "మెమరీలో ప్రతి గదికీ ఒక డోర్ నంబరుంటుంది. దానికి వచ్చిన నంబర్లు నాలుగు జీబీలతో సరి. అందులోనూ కొన్ని స్క్రీనుకీ మిగతా భాగాలకీ పోతాయి. ఆ పైన గదులున్నాయి, దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి. పిలవడానికి దాని దగ్గర నంబరు లేదు. కోపమూ కాదు, ద్వేషమూ కాదు."

హైమావతి తలూపింది. అర్థమైందనే అనుకున్నాను. కానీ ఆవిడ చెయ్యి దానంతటదే మళ్ళీ ర్యామ్ లాగింది, రబ్బరు అందుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తల ఎత్తకుండా రుద్దుతూనే ఉంది. రెండు నెలలు పక్క బల్ల దగ్గర కూర్చుని నేనైనా ఆవిణ్ణి అడిగిందేమిటి? స్క్రూడ్రైవర్ ఇస్తారా, టీ తాగుతారా. అది గుర్తొచ్చి సిగ్గేసింది.

మాస్టారు ఆమె చేతిలోంచి రబ్బరు తీసేసుకున్నారు.

"ఇంక రుద్దకమ్మా, అరిగిపోతుంది. మీ ఆయన పేరేమిటి?"