అడిగి ఎక్కే మిద్దె

ఆదోనిలో పరుపులు కుట్టే హుసేనప్ప తాతకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏమి అడిగినా చేతిలో ఉన్న కుట్టు ముగిసేదాకా తల ఎత్తేవాడు కాదు. కుట్టు ముగిశాక కూడా ఒక్కోసారి జవాబు వచ్చేది కాదు. అడిగినవాళ్లు ఆయన మౌనాన్నే మడిచి ఒళ్లో పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లు. గురువారం మధ్యాహ్నాలు ఆయన రేకుల కొట్టంలో నలుగురైదుగురు చేరేవాళ్లు. ఆయన తనను గురువని ఎప్పుడూ అనుకోలేదు, వాళ్లు మాత్రం శిష్యులమనే అనుకునేవాళ్లు. దూది ఏకే విల్లు మోగుతుంటే తెల్లని నూగు లేచి, కిటికీలోంచి పడే ఎండలో కదలకుండా నిలబడిపోయేది. అక్కడ కూర్చున్న పడుచువాళ్ల జుట్టు కూడా కాసేపు నెరిసిపోయేది.

అలా చేరేవాళ్లలో ఉరుకుందమ్మ ఒకతె. ఇరవై రెండేళ్ల పిల్ల. కుముదం అనే లేవలేని మనిషి ఇంటికి రోజూ పోయి, లేపడం, కూర్చోబెట్టడం, స్నానం, తిండి అన్నీ చూసే పని ఆమెది. ఒక గురువారం ఆమె ఇలా అడిగింది.

"తాతా, లేవలేని మనిషికి చేసే సేవకు దుడ్డు తీసుకుంటే, అది సేవ అయితాదా? ఉత్త కూలే అయితాదా?"

విల్లు మోగుతూనే ఉంది. తాత తల ఎత్తలేదు. ఉరుకుందమ్మ ఆ మౌనాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. ఆ వయసులో వదులుకునేది ఏదైనా అందంగానే కనిపిస్తుంది. మరుసటి నెల మొదటి రోజున కుముదం కూలి చేతికివ్వబోతే, "వద్దక్కా, ఇంక నేను దుడ్డు తీసుకోను. నీకు చేసేది దేవునిపని అనుకుని చేస్తా" అంది.

కుముదానికి ముప్పై నాలుగేళ్లు. చిన్నప్పుడే పట్టుకున్న కండరాల జబ్బు. ఒంట్లో స్పర్శ అంతా ఉంది, బలమే లేదు. కాళ్లు ఎప్పుడో పని మానుకున్నాయి, చేతుల్లో కలం పట్టుకునేంత సత్తువ మిగిలింది. మంచానికి ఆనుకుని కూర్చునే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేది. ఆ ట్యూషన్ దుడ్డుకు తన పించను కలిపి ఉరుకుందమ్మకు నెలకు ఆరు వేలు ఇచ్చేది. అంతకు ముందు పదేళ్లు అన్నీ వదిన సావిత్రమ్మే చూసింది. సావిత్రమ్మ చెడ్డ మనిషి కాదు. ఏ పనీ కాదనకుండా చేసేది. కానీ వంటింట్లో గిన్నె కాస్త గట్టిగా చప్పుడైతే చాలు, కుముదం తన దాహాన్ని సాయంత్రానికి జరుపుకునేది. నీళ్లు తక్కువ తాగితే లేపమని అడిగే బాధ కూడా తక్కువ. పిల్లలెవరికీ చెప్పని లెక్క అది. మనిషిని పెట్టుకుంటానన్న రోజున సావిత్రమ్మ మూతి ముడుచుకుంది. "ఇంట్లో నేను చచ్చినానా? దుడ్డు పోసి మనిషిని తెచ్చుకుంటే వీధిలో వాళ్లు నన్నేమనుకుంటారు?" కుముదం నవ్వి ఊరుకుంది. మనిషి మాత్రం వచ్చింది.

ఉరుకుందమ్మ వచ్చిన మొదటి వారంలోనే కుముదం అడిగింది మందు కాదు, మెత్తని అన్నం కాదు. మిద్దె మీదికి తీసుకుపొమ్మని అడిగింది. వెనక వీధిలో ఎవరో పావురాలు పెంచుతారు. సాయంత్రం ఐదున్నరకు ఒక పొడుగాటి ఈల వినిపిస్తుంది, ఆ వెంటే రెక్కల చప్పుడు ఇంటి మీదుగా పోతుంది. పదేళ్లు ఆమె ఆ చప్పుడును దూలాల కిందనుంచే విన్నది. అవి ఏ రంగువో, ఎన్నో, ఎంత ఎత్తున తిరుగుతాయో తెలియదు. ఉరుకుందమ్మ ఒక పాత నూలు చీరతో ఆమెను వీపుకు కట్టుకుని, పదహారు మెట్లు ఎక్కి, పిట్టగోడ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. పావురాల గుంపు ఒకసారి ఇటు తిరిగితే తెల్లగా మెరిసింది, అటు తిరిగితే ఆకాశంలో కలిసిపోయింది. ఒక పావురం మాత్రం ఎప్పుడూ అందరికంటే వెనక పడేది. అది ఇల్లు చేరేదాకా ఆమె ఊపిరి బిగబట్టి చూసేది. ఈల వేసే మనిషి గోడ చాటున ఉండేవాడు. గుడ్డ కట్టిన వెదురుకర్ర ఒకటే పైకి కనిపించేది.

"ఎవురక్కా ఆ ఈల ఏసేది? పోయి కనుక్కుని రానా?" అని ఒకరోజు ఉరుకుందమ్మ కవ్వించింది.

"వద్దులే ఉరుకుందీ. కనుక్కుంటే ఎవరో ఒక మనిషి అయిపోతాడు" అంది కుముదం. అని, చాలాసేపు ఆ కర్ర వైపే చూసింది.

అట్లా ఏడాది గడిచింది. వాన రోజులు తప్ప మిద్దె తప్పలేదు. కుముదం ధైర్యంగా అడిగేది. "ఏం మే, టైం ఐదు దాటింది, నీకు కాళ్లు లేవా నాకు లేనట్టు?" అని అరిచేది కూడా.

కూలి వద్దన్న రోజున సావిత్రమ్మ ఎంతో సంబరపడింది. "ఈ కాలంలో ఇట్లాంటి పిల్ల యాడ దొరుకుతాది! దేవత!" అని ఉరుకుందమ్మ తలలో మల్లెపూలు పెట్టింది. కుముదం కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించాలని చూస్తే అవి సగంలోనే ఆగిపోయాయి. ఆ సాయంత్రం ఈల వినిపించగానే ఉరుకుందమ్మ చీర పట్టుకుని వచ్చింది.

"ఈ పొద్దు వద్దులేమ్మా, అలిసిపోయింటావు."

మర్నాడు ఎండ ఎక్కువన్నది. ఆ మర్నాడు పిల్లల పేపర్లు దిద్దాలన్నది. తర్వాత ఏ సాకూ చెప్పడం మానేసి, ఈల వినిపించినప్పుడు గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. మాటల్లో కొత్తగా "నీకు వీలైతే", "ఏమనుకోకపోతే" చేరాయి. నీళ్ల చెంబు ఉదయం నింపితే సాయంత్రానికి సగం అట్లాగే ఉండేది. ఉరుకుందమ్మ బలవంతం చేసి అడిగింది. "అక్కా, నేనే ఎత్తుకుపోతా అంటాండా కదా, రా!" కుముదం తల అడ్డంగా ఊపింది. "ఇప్పటికే నీచేత చాలా చేయించుకుంటున్నాను తల్లీ." ఆమె ఎప్పుడూ తల్లీ అని పిలిచింది లేదు. ఆ పిలుపు ఉరుకుందమ్మకు చెంపదెబ్బలా తగిలింది.

ఇంటి దగ్గర, దూది మిల్లులో పనిచేసే వాళ్లమ్మ ఇంకోరకంగా తగులుకుంది. "నెలనెలా పుణ్యం తెస్తాండావు కదా, దాన్ని తాలింపు ఏసి పెట్టమంటావా?"

రెండు నెలలు గడిచాయి. ఒక గురువారం ఉరుకుందమ్మ కొట్టంలోకి వచ్చి అందరిముందూ ఏడ్చేసింది.

"తాతా, నేను ఎక్కువ ఇస్తాంటే ఆయమ్మ తక్కువ అడుగుతాంది. మిద్దె మాటే ఎత్తదు. అది తప్ప ఆయమ్మకు లోకంలో వేరే కోరికే లేదు తాతా! నేను చేసిన తప్పేంది?"

తాత కుట్టు ముగించాడు. దబ్బనాన్ని పరుపుకు గుచ్చి పెట్టాడు.

"ఆయమ్మ పరుపు ఏకి ఎన్నేండ్లయింది?"

"ఏమో. నాలుగైదేండ్లు అయ్యింటాది."

"బుధవారం వస్తానని చెప్పు."

ప్రశ్న ఒకటైతే జవాబు పరుపు గురించా అని అక్కడున్నవాళ్లు ముఖాలు చూసుకున్నారు.

బుధవారం నాడు ఆయన సైకిలుకు విల్లు కట్టుకుని వచ్చాడు. కుముదాన్ని కుర్చీలోకి మార్చారు. తాత ధర చెప్పాడు.

"ఏడు నూర్లా?" కుముదం కనుబొమలు ఎగరేసింది. "కుట్టేది పరుపా, పట్టుచీరా?"

"పట్టుచీర మీద నిద్ర పట్టదు తల్లీ."

"ఆరు నూర్లు."

"సరే. ఆరు."

నడవాలో దూది ఏకి, ఆరబెట్టి, కొత్త గలీబులో నింపి, వరసగా ముడులు వేసేసరికి మధ్యాహ్నం దాటింది. పరుపు మంచం మీద వేసి కుముదాన్ని పడుకోబెట్టారు. ఆమె కళ్లు మూసుకుని కాసేపు ఉండి, "ఎడమ భుజం కింద గడ్డ తగులుతోంది" అంది. తాత ఆ వరస ముడులు విప్పి, దూది సర్ది, మళ్లీ కుట్టాడు. మళ్లీ పడుకోబెట్టారు. "ఇప్పుడు నడుము దగ్గర పల్లం." మళ్లీ విప్పాడు. ఉరుకుందమ్మకు తల కొట్టేసినట్టయింది.

"అక్కా, పాపం ముసలాయన..."

"ముసలాయనైతే ఏం మే? దుడ్డు పడుచువాళ్లంత తీసుకుంటాడు కదా!"

తాత పకపకా నవ్వాడు. కుముదం మూడోసారి పడుకుంది. ఒళ్లంతా ఆ దూదిలోకి నెమ్మదిగా ఒదిగిపోయింది. "ఇప్పుడు కుదిరింది" అంది. ఆమె ముఖంలో రెండు నెలలుగా కనిపించని వెలుగు కనిపించింది. ఎక్కడో పోగొట్టుకున్న తన గొంతు తనకే వినిపించినట్టుంది ఆమెకు. తాత ఆరు నూర్లు తీసుకుని, కళ్లకు అద్దుకుని, నడుముకు దోపుకున్నాడు.

ఉరుకుందమ్మ వీధిలోకి ఆయన వెంటపడింది. ఆమెకు గురువు మీద అంత కోపం ఎన్నడూ రాలేదు. "లేవలేని మనిషి దగ్గర దుడ్డు తీసుకునేదానికి నీకు చేతులెట్ల వచ్చినాయి తాతా? ఒక్క పరుపు ఉత్తగా కుట్టిచ్చేదానికి ఏమయింది నీకు?"

తాత సైకిలుకు విల్లు బిగించి కట్టాడు.

"ఉత్తగా కుట్టింటే ఆయమ్మ ఆ ముడులు విప్పించుండునా?"

అంతే. సైకిలు తోసుకుంటూ మలుపు తిరిగిపోయాడు.

ఉరుకుందమ్మ ఆ ఎండలో ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. వీధిలో బండ్లు పోతున్నాయి. తన త్యాగం ఎంత అందంగా ఉండిందో, అందులో కుముదానికి కూర్చునే చోటే ఎట్లా లేకుండా పోయిందో ఆమెకు మెల్లగా కనిపించింది. లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడింది. అంతవరకు ఏ మాట అడగడానికీ ఆమె అంత సిగ్గుపడలేదు.

"అక్కా, నా కూలి ఇయ్యి."

తలుపు దగ్గర సావిత్రమ్మ చేతిలో చాట జారింది. "దేవతనుకుంటి కదే దీన్ని!"

కుముదం ఉరుకుందమ్మ ముఖంలోకి చూసింది. "ఏ నెలది?"

"ఈ నెలది... పోయిన రెండు నెలలది గూడా."

"పోయిన రెండు నెలలది ఇవ్వను" అంది కుముదం. "ఆ రెండు నెలలు నేనేమీ అడగలేదు. ఈ రోజు నుంచి ఇస్తా. ఊఁ, చూస్తా నిలబడినావేం? చీర తీసుకురా. మిద్దెక్కాల."

ఎక్కేసరికి ఆలస్యమైపోయింది. ఈల ఎప్పుడో ఆగిపోయింది. పావురాలు గూళ్లలోకి దిగిపోయాయి. పడమర వైపు ఎర్రదనం మాత్రం మిగిలింది. "దిగుదామా అక్కా?" అని ఉరుకుందమ్మ అడిగింది. కుముదం వినిపించుకోలేదు. రెక్కలు తిరిగిన చోటునే, అవి ఇంకా అక్కడ ఉన్నట్టు, చూస్తూ కూర్చుంది.

మర్నాడు గురువారం. ఉరుకుందమ్మ కొట్టంలో కూర్చుని జరిగిందంతా చెప్పింది. "పావురాలు దిగిపోయినాయి తాతా. అయినా దించమనలేదు. చీకటి పడేదాకా నన్ను నిలబెట్టుకుంది. నాకు కాళ్లు పీకినాయి. అలిసిపోయినావా అని ఒక్క మాట అడగలేదు." చెబుతూనే ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తాత కుట్టు ముగించి, దారాన్ని పళ్లతో కొరికి తెంపాడు. మొదటిసారి ఆమె వైపు సూటిగా చూశాడు.

"నాలుగు దాటింది. కూలి తీసుకునేదానివి, ఇంకా ఈడ కూర్చున్నావేం?"