ఉలవల గుట్టు

కారప్పొడి వీరభద్రం ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా వాళ్ళే చెప్పేవారు. ఆయన, భార్య సూరమ్మ, కొడుకు గవర్రాజు కలిసి ఇడ్లీ కారప్పొడి చేసి బస్టాండు హోటలుకి ఇచ్చేవారు. ఆ ఒక్క హోటలుతోనే ఇల్లు గడిచేది. పొడి రుచి గుట్టు ఆ ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇంతలో ఎదురింటి కనకయ్య కూడా పొడి కొట్టడం మొదలుపెట్టాడు. సూరమ్మ గుండెల్లో రాయి పడింది. బ్యాంకులో కాపలా ఉద్యోగం చేసే తమ్ముణ్ణి పిలిపించింది.

"బావా, గుట్టు పోయేది బయటివాళ్ళ వల్ల కాదు, లోపలివాళ్ళ వల్లే. లోపలున్నవాళ్ళని నమ్మకు," అని చెప్పి, అతను భోంచేసి బస్సెక్కాడు.

అంతే. వీరభద్రం అందర్నీ వీధిలోకి తెచ్చి ఇంటికి తాళం వేశాడు.

"ఇప్పుడు లోపల ఎవరూ లేరు. ఇంక భయం లేదు," అన్నాడు.

మరి పొడి ఎలా? ఇంకేముంది, పొయ్యీ రోలూ వీధిలోకే వచ్చాయి. కనకయ్య కుర్చీ తెచ్చుకుని ఎదురుగా వచ్చాడు.

"నేను బయటివాణ్ణేగా వీరభద్రంగారూ, కూర్చోవచ్చా?"

"అయ్యో, అన్నయ్యగారూ, దానికి అడగాలా!" అంది సూరమ్మ.

కనకయ్య అంతా చూశాడు. మిరపకాయలు చూశాడు, వెల్లుల్లి చూశాడు. చివర్లో సూరమ్మ డబ్బాలోంచి వేసింది మాత్రం పొగలో కంటికి ఆనలేదు.

అప్పుడే గవర్రాజుకి ఆలోచన వచ్చింది. అది వచ్చినప్పుడల్లా ఇంటికి నష్టమే. "నాన్నా, మనం లోపలున్నప్పుడే ఎవరైనా చెప్పేసి ఉంటే?"

ముగ్గురి మొహాలూ పాలిపోయాయి. వీరభద్రం తిన్నగా కనకయ్య దగ్గరికెళ్ళాడు.

"నిజం చెప్పు. పొడిలో ఉలవలు వేస్తామని మావాళ్ళెవరైనా నీతో అన్నారా?"

"లేదండీ. పచ్చివా, వేయించినవా?"

"దోరగా వేయించినవి. అదీ చెప్పలేదా?"

"ఒట్టు, ఎవరూ చెప్పలేదు."

వీరభద్రం కళ్ళు చెమర్చాయి. "బంగారంలాంటి పెళ్ళాం, బిడ్డ! అనవసరంగా అనుమానించాను," అని ఇద్దర్నీ దగ్గరికి తీసుకున్నాడు.

వారం తిరక్కుండా హోటలువాళ్ళు కనకయ్య పొడే కొనడం మొదలెట్టారు. సూరమ్మ గోలుగోలున ఏడ్చింది.

"ఊరుకోవే. మనవాళ్ళెవరూ చెప్పలేదు, అది చాలు," అన్నాడు వీరభద్రం. "పాపం, ఇప్పుడా గుట్టు కనకయ్యది. అతనింట్లో కూడా లోపలివాళ్ళున్నారు కదా!"

అని కండువా వేసుకుని బయల్దేరి, ఊళ్ళో ప్రతి గడపా తొక్కి అడిగాడు: "అమ్మా, పొడిలో దోరగా వేయించిన ఉలవలు వేస్తారని కనకయ్య ఇంట్లోవాళ్ళెవరైనా మీకు చెప్పారా?"