ఇరవైకీ ఎనభైకీ మధ్య ఆవాల వారు

కాకరలంకలో ఆవాల వారి దగ్గర తెలివి మాట ఎత్తకూడదు. ఎత్తారా, పొద్దుగూకేదాకా వదలరు. ఊరగాయలు పెట్టి అమ్మే ఇల్లది. ఆవకాయ మాట ఎలా ఉన్నా, తెలివి మాత్రం తమ ఇంట్లో ఊరినట్టు ఇంకెక్కడా ఊరలేదని వాళ్ళ గట్టి నమ్మకం. ఇంటి పెద్ద పేర్రాజు రోజూ అరుగు మీద కూర్చుని, "దేవుడు ఊరందరికీ తెలివి పంచుకుంటూ వచ్చి, మన గుమ్మం దగ్గర అలిసిపోయి బస్తా ఇక్కడే దించేసి పోయాడ్రా" అనేవాడు. తమ్ముడు తాతబ్బాయి గర్వంగా తలాడించి, "అవునన్నయ్యా, ఆ బస్తా మూతి మనం ఇంతవరకూ విప్పనే లేదు" అనేవాడు.

ఆ ఇంటికంతా ఒక్కతే పిల్ల, తాతబ్బాయి కూతురు హైమవతి. పేర్రాజుకీ ఆయన భార్య మంగతాయారుకీ పిల్లల్లేరు. హైమ ఎదురుగా కూర్చుంటే తప్ప పేర్రాజుకి ముద్ద దిగదు. అలాంటిది, చదువు పూర్తిచేసిన హైమకి ఇంట్లోనే కూర్చుని ఫోన్లు మాట్లాడే ఉద్యోగం ఒకటి తగిలేలా ఉంది. శుక్రవారం పదింటికి ల్యాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. ఇది పోతే ఎక్కడో సిటీలో హాస్టల్లో ఉండి పనిచెయ్యాల్సిందే. ఆ మాట విన్నప్పట్నుంచీ పేర్రాజు గుండెల్లో రాయి పడింది.

చిక్కేమిటంటే, లైన్ల పని జరుగుతోందని ఆ వారమంతా ఊళ్ళో తొమ్మిది నుంచి పన్నెండు దాకా కరెంటు ఉండదు. హైమ ల్యాప్‌టాప్ చూస్తే కరెంటు తీశాక ముక్కుతూ మూలుగుతూ ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతోంది. పేర్రాజు దాన్ని తువ్వాల్లో చుట్టుకుని, సోమవారం బస్సెక్కి టౌన్లో జిలానీ కొట్టుకి పోయాడు.

జిలానీ విప్పి చూసి, "బాబాయ్ గారూ, మిషను బాగానే ఉందండి. బ్యాటరీ హెల్తే పడిపోయింది. కొత్తప్పుడు వంద ఉంటుంది, ఇప్పుడు నలభై ఆరుంది" అన్నాడు.

"నలభై ఆరు ఆరోగ్యమంటే, తక్కిన యాభై నాలుగూ జబ్బేనా బాబూ?"

"జబ్బు కాదండి, అరుగుదల. ఛార్జింగ్ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం, దిగడం, వాడినకొద్దీ అరుగుతుంది. కొత్త బ్యాటరీ తెప్పిస్తాను గానీ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా జాగ్రత్తగా చూసుకోండి. ఛార్జింగ్ ఇరవై కిందకి దిగనివ్వకండి, ఎనభై పైకి ఎక్కనివ్వకండి, వేడి తగలనివ్వకండి. ఇదిగో, హెల్త్ అంకె ఇక్కడ కనబడుతుంది."

పేర్రాజు ఒక్కో ముక్కా వేలి మీద పెట్టుకుని, ఆ వేళ్ళు ముడిచినవి ముడిచినట్టే ఉంచుకుని ఇల్లు చేరాడు. టిక్కెట్టు కూడా పళ్ళతోనే పట్టుకున్నాడు. ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి మొదటి వేలు విప్పాడు.

"వాడితే అరుగుతుందట. కాబట్టి శుక్రవారం దాకా దీన్ని ఎవరూ వాడకూడదు."

"మరి నేను టైపింగ్ నేర్చుకోవాలి కదా పెదనాన్నా?" అంది హైమ.

ఇంకేముంది, మంగతాయారు ముగ్గు గిన్నె తెచ్చి వసారాలో మీటలన్నీ గళ్ళు గళ్ళుగా వేసేసింది. హైమ బాసింపట్టు వేసుకుని మధ్యాహ్నమంతా ఆ గళ్ళ మీద టకటకా టైపు చేసింది. పనిమనిషి సత్తెమ్మ వచ్చి ఒక్క తుడుపు తుడిచేసరికి హైమ లబోదిబోమంది. "అయ్యో సత్తెమ్మా! రెండు పేజీలు టైపు చేశాను. అంతా చెరిగిపోయింది!" తాతబ్బాయి చీపురు లాక్కుని, ఆ రెండు పేజీలూ ఏ పుల్లకైనా అంటుకున్నాయేమోనని ఒక్కో పుల్లా దులిపి చూశాడు.

ఈలోగా పేర్రాజుకి ఓ అనుమానం వచ్చింది. వాడటం మానేశాం సరే, అరగడం మానేసిందో లేదో తెలిసేదెలా? తెరిచి చూడాలి. చూశాడు. నలభై ఆరే ఉంది. హమ్మయ్య అని మూసేశాడు. మూశాక తగ్గిందేమో? మళ్ళీ తెరిచాడు. అంతే, ఆ రోజు సాయంత్రానికి తొంభైసార్లు తెరిచి తొంభైసార్లు మూశాడు. తొంభై ఒకటోసారి నలభై నాలుగుంది.

"చూశావా, కళ్ళు పెట్టుకుని కాపలా కాస్తుంటేనే ఇంత పోయింది. కాయకపోయుంటే కొంప మునిగేది" అన్నాడు తాతబ్బాయి.

మంగళవారం రెండో వేలు విప్పారు. ఇరవై కిందకి దిగకూడదు, ఎనభై పైకి ఎక్కకూడదు. కరెంటు రాగానే తాతబ్బాయి ప్లగ్గు చేత్తో పట్టుకుని స్విచ్ బోర్డు దగ్గర పీట వేసుకున్నాడు. ఎనభై కాగానే పీకేశాడు. బాగానే ఉంది. అక్కడితో ఊరుకుంటే ఆవాల వారెందుకవుతారు?

"జిలానీ ఇరవై మాట కూడా చెప్పాడు కదన్నయ్యా. ఎనభై దగ్గరే కూర్చోబెడితే ఇరవైకి చిన్నతనం కాదూ?" అన్నాడు తాతబ్బాయి.

"నిజమేరా. రెండు మాటలు చెప్పినప్పుడు రెండూ పాటించాలి" అన్నాడు పేర్రాజు.

ఇక ఇరవైకి దింపడం, ఎనభైకి ఎక్కించడం. దానంతటది దిగాలంటే ఆలస్యమవుతోందని తెర వెలుతురు పూర్తిగా పెంచి, భజన పాటలు పెట్టి, మంగతాయారుని ఎదురుగా కూర్చోబెట్టి వినమన్నారు. దిగగానే ఎక్కించారు, ఎక్కగానే దింపారు. అన్నదమ్ములిద్దరూ వంతులేసుకున్నారు. బుధవారం సాయంత్రానికి పదిహేనుసార్లు ఎక్కి పదిహేనుసార్లు దిగింది. ఒక్కసారంటే ఒక్కసారి కూడా గీత దాటలేదు. అంత నిష్ఠగా ఉపవాసాలు కూడా ఎవరూ చెయ్యరు. తీరా హెల్త్ చూస్తే ముప్ఫై ఎనిమిది!

పేర్రాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఒక్క మాట కూడా జవదాటలేదు కదరా! ఎందుకు తగ్గిందంటావు?"

హైమ అడుగున చెయ్యి పెట్టి చూసి, "పెదనాన్నా, పెనంలా కాలిపోతోంది" అంది.

"ఆఁ! మూడో వేలు మర్చిపోయాం!" అన్నాడు పేర్రాజు. వేడి తగలనివ్వద్దన్నాడు జిలానీ. తాతబ్బాయి బిందెడు నీళ్ళు తేబోతే మంగతాయారు అడ్డుపడింది. "ఆగు మరిదీ! తడి తగిల్తే ఏదైనా పాడవుతుంది. పుట్టి బుద్ధెరిగాక ఊరగాయ జాడీలో తడి చెయ్యి పెట్టామా?" అంది. ఆ వారంలో ఆ ఇంట్లో పుట్టిన మంచి మాట అదొక్కటే. అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది.

"వేడి తగలకూడదు, పాడవకూడదు. అలాంటిది మనింట్లో జాడీ కాక ఇంకేముందండీ? ఏడాదైనా ముక్క మెత్తబడదు" అందామె.

అంతే. రెండు బస్తాల కాయ పట్టే పెద్ద జాడీ తెచ్చారు. ల్యాప్‌టాప్‌ని నిలువుగా దింపారు. మంగతాయారు గరిటెడు నువ్వుల నూనె పట్టుకొచ్చింది, పైన నూనె తేలకపోతే బూజు పడుతుందని. నూనె కూడా తడేనేమోనని పేర్రాజు, కాదని ఆవిడ, పావుగంట వాదించుకుని, మధ్యేమార్గంగా పైన పైన రాద్దామని తేల్చుకున్నారు. రాసి, మూతి మీద వాసెన గుడ్డ కట్టి, చీకటి కొట్లో పెట్టారు.

గురువారమంతా అది జాడీలో హాయిగా ఊరింది. శుక్రవారం తెల్లారి తీసేసరికి మీటల సందుల్లో పాత కారం, మూత మీద నూనె నిగనిగ. హైమ తెరవగానే ఇంటిల్లిపాదీ హాచ్ హాచ్ మని తుమ్మారు. హెల్త్ ముప్ఫై ఒకటి. ఛార్జింగ్ సరిగ్గా ఎనభైకి ఎక్కించేసరికి కరెంటు పోయింది. ఎనభై నుంచి ఇరవై దాకా ఉన్నదే హైమ అదృష్టం. అది ఎంతసేపు నిలుస్తుందో దేవుడికెరుక.

"తల్లీ, మాట్లాడినకొద్దీ ఛార్జింగ్ దిగుతుంది. పొదుపుగా మాట్లాడు" అన్నాడు పేర్రాజు. హైమ ఒక్క తలూపు ఊపింది, అదీ చిన్నగా.

పదింటికి తెర మీద నళిని మేడమ్ ప్రత్యక్షమైంది. కళ్ళజోడు, ఖచ్చితమైన మనిషి.

"నీ గురించి చెప్పు."

"హైమనండి. ఉన్నానండి."

"అంతేనా?"

"అంతేనండి."

"సరే. మా కస్టమర్లు కొందరు ఒకటి చెబితే ఇంకొకటి చేస్తారు. ఎంత చెప్పినా బుర్రకెక్కదు. అలాంటి వాళ్ళతో ఎలా మాట్లాడతావు?"

హైమ బాగా ఆలోచించింది. "అలాంటి వాళ్ళని నేనెప్పుడూ చూళ్ళేదండి."

అప్పుడే ఆమె మొహం ముందు నుంచి ఓ విసనకర్ర అటు వెళ్ళి ఇటు వచ్చింది.

"ఏమిటది?"

"మా దొడ్డమ్మండి. ల్యాప్‌టాప్‌కి విసురుతోంది."

"ఆ కేకలు?"

"మా నాన్నండి. అంకె చదువుతున్నారు. నలభై తొమ్మిదటండి."

పేర్రాజు ఇక ఉండబట్టలేక తల దూర్చాడు. "నమస్కారమమ్మా. పెద్ద ప్రశ్నలు వద్దు, చిన్నవి అడగండి. ఇరవైకి ఇంకెంతో లేదు."

నళిని మేడమ్ పెదవి బిగబట్టుకుంది. "హైమా, ఇప్పుడు నేను కోపంగా ఉన్న కస్టమర్ని అనుకో." ఉన్నట్టుండి గొంతు పెంచింది. "మూడు రోజులైంది నా ఫోను పనిచెయ్యక! మీకసలు సిగ్గుందా?"

ఇల్లు దద్దరిల్లింది. పేర్రాజు తెరకి రెండు చేతులూ జోడించి, "తప్పయిపోయిందమ్మా, ఈ ఒక్కసారికీ కాయండి" అన్నాడు. మంగతాయారు గబగబా మజ్జిగ గ్లాసు తెచ్చి ఆవిడ మొహం ముందు పట్టుకుంది. హైమ ఒక్కతే తొణకలేదు. మెత్తగా, జాలిగా అడిగింది. "అయ్యో, మూడు రోజులాండీ? పాపం ఎంత ఇబ్బంది పడ్డారో. మరి ఇప్పుడు దేంతో మాట్లాడుతున్నారండీ?"

నళిని మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఆగడం లేదు. "పదేళ్ళుగా ఈ ప్రశ్న అడుగుతున్నానమ్మా. ఇంత చల్లగా ఎవరూ చెప్పలేదు. ఇంత సంతలో కూర్చుని కూడా నువ్వు..."

"ఇరవై!" అని తాతబ్బాయి కేక.

పేర్రాజు ధబీమని మూత వేసేశాడు.

"ఆవిడ 'నువ్వు' అన్నారు పెదనాన్నా. తర్వాత ఏదో అనబోయారు" అంది హైమ. 'నువ్వు' తర్వాత ఏముంటుందో అందరూ తలో మాట చెప్పారు. తాతబ్బాయి 'నువ్వు బాగున్నావా' అన్నాడు, మంగతాయారు 'నువ్వుపప్పు' అంది. పేర్రాజు మాత్రం లేచాడు. అరుగు మీదకి పోయి కూర్చున్నాడు. ఇరవై కాపాడాను గానీ పిల్లని దూరం చేసుకున్నానా అని మొదటిసారి దిగులు పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పూట అన్నానికి లేవలేదు.

సాయంత్రం ఫోను మోగింది. హైమకి ఉద్యోగం వచ్చింది. సోమవారం పదింటికి పని మొదలు. "ఆ ల్యాప్‌టాప్‌తో వద్దమ్మా తల్లీ, కొత్తది మేమే పంపిస్తున్నాం" అంది నళిని మేడమ్. పేర్రాజు హైమ తల నిమురుతూ ఒక్కసారిగా మూడు పూటల అన్నం తినేశాడు.

ఆదివారం పెట్టె వచ్చింది. తెరిచి చూస్తే హెల్త్ వంద! అందరూ కళ్ళకద్దుకున్నారు. మంగతాయారు దిష్టి తీసి, తెల్లటి ఉతికిన గుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టింది.

సోమవారం తొమ్మిదికి కరెంటు పోయింది. లైన్ల పని ఇంకా తెమల్లేదు. హైమ పాతదాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చోవడం చూసి పేర్రాజు మనసు కరిగిపోయింది. మూటకట్టిన తెలివంతా ఆ పిల్ల కోసం పక్కన పెట్టేశాడు. నిచ్చెనేసుకుని అటకెక్కి కొత్తది దించి, "తీసుకో తల్లీ. అరిగితే అరిగింది. దీంతోనే పని చేసుకో" అని చేతికిచ్చాడు. ఆయన పుట్టాక చేసిన తెలివైన పని అదొక్కటే.

హైమ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏంటి పెదనాన్నా మీరు? పాత జాడీ అడుగంటకుండా కొత్త జాడీ వాసెన విప్పడం మనింటా వంటా ఉందా? పాతది ఇంకా ముప్ఫై ఒకటి ఉంది!"

ఇన్నాళ్ళూ ఈ పిల్ల చదువులో పడి ఇంటి తెలివి ఎక్కడ పోగొట్టుకుందో అని పేర్రాజు లోలోపల భయపడేవాడు. ఆ భయం కాస్తా తీరిపోయింది. కొత్తదాన్ని మళ్ళీ భద్రంగా అటకెక్కించాడు.

పదింటికి హైమ పాతదాంట్లో పని మొదలెట్టింది. పది దాటి ఎనిమిది నిమిషాలకి తాతబ్బాయి "ఇరవై" అన్నాడు. హైమ తానే మూత వేసింది. వెంటనే నళిని మేడమ్ నుంచి ఫోను.

"హైమా! మధ్యలో ఏమైపోయావు? కొత్త ల్యాప్‌టాప్ అందలేదా?"

"అందిందండి. చాలా బాగుందండి. పాతది అయిపోగానే విప్పుతానండి."

"పాతది అయిపోవడమేంటి? ఎప్పటికి?"

హైమ వేళ్ళ మీద లెక్కేసుకుంది. "రోజూ కొంచెం కొంచెం అరగదీస్తామండి. వచ్చే మామిడికాయల నాటికి ఖాళీ అయిపోతుందండి. ఆ తర్వాత ఒక్క రోజు కూడా మానను."



"ఏమంటున్నారమ్మా?" అన్నాడు పేర్రాజు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏమీ అనట్లేదు పెదనాన్నా."

"ఏమీ అననప్పుడు ఊరికే పట్టుకోవడమెందుకే పిచ్చి తల్లీ? ఫోనుకి మాత్రం బ్యాటరీ ఉండదూ? పెట్టెయ్."

హైమ పెట్టేసింది. నళిని మేడమ్ ఆ పూటంతా మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంది. ఎత్తితే అరుగుతుందని ఆవాల వారిలో ఒక్కరూ ఎత్తలేదు.