కడిగిన నూకలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏటి ఒడ్డున చిన్న చెరకు తోట. ఆ తోట పైడమ్మది. పైడమ్మంటే ఎవరనుకున్నారు పిల్లలూ? ఎలుగుబంటి! బెల్లమంటే పడిచస్తుంది. అంతకంటే పెద్ద పిచ్చి ఇంకోటుంది, శుభ్రం. ఆవిడ ఇంట్లో చీపురు కూడా రోజూ స్నానం చేస్తుందని అడవంతా నవ్వుకునేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక చెరకు ఆకులు పసుపుపచ్చగా మారాయి. ఒక దుబ్బు పట్టుకుని లాగితే వేళ్ళు లేకుండా చేతికొచ్చేసింది. కింద మట్టిలో తెల్లగా, లావుగా, ముడుచుకుని వేరుపురుగులు! పైడమ్మ గుండె గుభేలుమంది. చలికాలంలో కూతురు పురుడికి వస్తుంది. బెల్లం లేకపోతే బాలింతకు బలానికి పెట్టే కాయం మందు ఎలా చేసిపెడుతుంది?

పరుగున, పంటల మందులు తెలిసిన బోదురుకప్ప అప్పలత్త దగ్గరికి వెళ్ళింది. అప్పలత్త ఒక కుండ ఇచ్చింది. అందులో ఉడికించిన నూకలు, వాటి నిండా పచ్చటి బూజు.

"ఏటత్తా ఇది? పాసిపోయింది!" అని పైడమ్మ ముక్కు మూసుకుంది.

"ఆ బూజేనమ్మా మందు. పురుగుని పట్టిందంటే వదల్దు. మాగిన పెంటలో కలిపి, తడి ఆరకుండా పది రోజులు నీడన ఉంచు. ఆనక చెరకు మొదళ్ళలో వెయ్యి. ఎండ మాత్రం సూపించకు" అంది అప్పలత్త.

పైడమ్మ తలూపింది. తలూపడం ఆవిడకి బాగా వచ్చు. ఇంటికి రాగానే, "బూజు పట్టిన సరుకు ఎండబెట్టకపోతే ఎలా?" అనుకుంది. చాప మీద పరిచి, మూడు రోజులు కరకరలాడేదాకా ఎండబెట్టి తోటలో వేసింది. పురుగులకు ఏమీ కాలేదు. పావు తోట ఎండిపోయింది.

"మందు పనిసెయ్యనేదత్తా" అంది, ఎండ సంగతి మింగేసి.

అప్పలత్త ఇంకో కుండ ఇచ్చింది. ఈసారి పైడమ్మ ఎండలో పెట్టలేదు. కానీ చేతులు ఊరుకుంటేనా! నూకలు మల్లెపూలలా తెల్లబడేదాకా మూడు నీళ్ళు పోసి కడిగింది. ఆ పచ్చటి కడుగునీళ్ళు వాకిట్లో వాడిపోతున్న ఒక చెరకు దుబ్బు మొదట్లో పారబోసింది. కడిగిన నూకలను ముచ్చటగా పెంటలో కలిపి, పది రోజులు నీడన ఉంచి తోటలో వేసింది. మరో పావు తోట పోయింది.

పైడమ్మ వాకిట్లో కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ తలెత్తితే ఎదురుగా ఆ దుబ్బు! కొత్త ఆకులు వేసి నవనవలాడుతోంది. మొదట్లో తవ్వి చూసింది. పురుగులు గట్టిపడి చచ్చి ఉన్నాయి. పచ్చ చొక్కాలు తొడిగినట్టు ఒంటినిండా బూజు.

సిగ్గుతో అప్పలత్త దగ్గరికి వెళ్ళింది. "మొదటిసారి ఎండబెట్టేసినానత్తా. రెండోసారి కడిగేసినానత్తా" అని ఉన్నదంతా చెప్పేసింది.

అప్పలత్త పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓసి నీ శుభ్రం పాడుగాను! మందంతా ఒక్క దుబ్బుకి తాగించి, పురుగులకి అన్నం వడ్డించినావా?"

మూడో కుండ ఇచ్చింది. ఈసారి పైడమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆ పది రోజులూ చేతులు ఒకటే దురద. వాటి మీదే కూర్చుంది పాపం. మిగిలిన సగం తోట నిలబడింది.

చలికాలంలో బెల్లం వండింది. అది కూతురి కాయానికి సరిగ్గా సరిపోయింది. బెల్లమంటే పడిచచ్చే పైడమ్మకి గరిట నాకడమే మిగిలింది.

ఒకరోజు కూతురు, పై ఏటికని మూలన దాచిన బూజు కుండ చూసింది. "ఛీ, ఇదేటమ్మా!" అని తోమడానికి బూడిద తెచ్చింది.

పైడమ్మ ఒక్క దూకు దూకి కుండను పొట్టకి హత్తుకుంది. "ముట్టుకోకే! నువ్వు తింటున్న కాయం ఈ బూజు పెట్టిందే!"

నీతి: కంటికి మురికిగా కనిపించిందల్లా మురికి కాదు, తెలిసినవాళ్ళ మాటని మన తెలివితో కడిగేస్తే చివరికి మిగిలేది ఉత్త నూకలే.