తీగ మీద పచ్చ చీటీ

లైన్‌మన్ శిక్షణ కేంద్రంలో ఎవరు ఏ ప్రశ్న అడిగినా సన్యాసిరావు మేస్టారు ముందు చెప్పులు విడిచి బూట్లు తొడుక్కునేవారు. జవాబు ఆ తర్వాత సంగతి. స్టోరు చూసుకునేవాణ్ణి గనక నిచ్చెన మోయడం నా వంతు.

సోమవారం నుంచి ఊళ్లో స్తంభాలెక్కాల్సిన దమయంతి ఆ ఉదయం అడిగింది: "కళ్లకు పెట్టుకునే అద్దాలు ఒకటే కదా మేస్టారూ. వర్చువల్ అంటారు, ఆగ్మెంటెడ్ అంటారు, మిక్స్‌డ్ అంటారు. పరీక్షకు ఈ మూడు పేర్లూ బట్టీ పడితే సరిపోతుందా?"

మేస్టారు బూట్లు తొడుక్కున్నారు.

మొదట వర్చువల్. నిలబడింది గదిలోనే గానీ, అద్దాల్లో ఆమెకు కనబడే స్తంభమూ తీగలూ చివరికి బూడిదరంగు చేతులూ అన్నీ గీసినవే. గ్లౌజులు మరిచి తీగ ముట్టుకుంది. అద్దాల్లో అంతా ఎర్రబడి, మళ్లీ మొదలుపెట్టమని రాత వచ్చింది. మూడుసార్లు చచ్చి మూడుసార్లూ నవ్వింది. నాకా నవ్వు నచ్చలేదు.

తర్వాత ఆరుబయట ఆగ్మెంటెడ్. ఇందులో ఉన్న స్తంభం ఉన్నట్టే కనబడుతుంది, దాని మీది రాతలు మాత్రం అద్దాలు చేర్చేవి. ఆఫీసు రికార్డును బట్టి తీగ పక్కన "కరెంటు లేదు" అని పచ్చ చీటీ వెలిగిందట. దమయంతి నిచ్చెనెక్కింది. గ్లౌజులు నడుముకే వేలాడుతున్నాయి. కుడిచెయ్యి పైకి లేచింది. నిచ్చెన పట్టుకున్న నేను అరవబోయాను.

"ఆ చెయ్యి ఎలా ఉందమ్మా?" అన్నారు మేస్టారు కిందనుంచి, మామూలుగానే.

ఆమె చూసుకుంది. బూడిదరంగు కాదు. మొన్న పెట్టుకున్న గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది.

"నా చెయ్యే మేస్టారూ," అంది. చెయ్యి వెనక్కి వచ్చింది.

అక్కడే ఉండి మిక్స్‌డ్ పెట్టుకోమన్నారు. ఉన్న తీగల మధ్య గీసిన తీగలు రెండు చేరాయి. అవి స్తంభం చాటుకు పోతే కనబడవు, చెయ్యి అడ్డుపెడితే దాక్కుంటాయి. ఎంతసేపు చూసినా ఆమెకు తేడా పట్టుబడలేదు.

"ఏది ఉందో ఏది లేదో తేలడం లేదండీ. తీగలో కరెంటు మిగిలుంటే నేలకు దింపేద్దాం, ముందు ఎర్త్ రాడ్ అందించండి," అంటూ గ్లౌజులు తొడుక్కుంది.

ఆమె కిందికి దిగింది. మేస్టారు జేబులోంచి ఆ లైను ఫ్యూజు తీశారు. పొద్దున్నే పీకి ఉంచుకున్నారట. నాకైనా ఒక మాట చెప్పొచ్చుగా అని ఒళ్లు మండింది.

"మరి పరీక్షలో ఏం రాయను మేస్టారూ?"

"పుస్తకంలో ఉన్నదే రాయి," అని ఆయన ఫ్యూజు ఆమె చేతిలో పెట్టారు. "ఇవాళ్టికి చీటీ నిజమే చెప్పిందమ్మా."