మట్టి పూసిన వరదరాయి

సింగన్నకీ తిప్పనకీ వాదన మొదలైతే ఆ కొండ మీది కోతులు కూడా మూటాముల్లే సర్దుకుని పక్క కొండకి వలసపోయేవి.

ఇద్దరూ యలమంద జోగి శిష్యులే. ఈసారి తగువు కొండ కింది పేరులేని వాగు గురించి. వరద ఎంత ఎత్తు వస్తుందో చెప్పే గీతల రాయి దానికి లేదు. ఊరు కాలిపోయి వచ్చిన కుమ్మరులు దాని ఒడ్డున ఇళ్ళు వేసుకుంటామని, నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కుతాయో చెప్పమని అడిగారు. జోగి చూస్తే తీర్థం పోయాడు.

కొండ వెడల్పు చూసి, దానిమీద పడే వాన లెక్కగట్టాలన్నాడు తిప్పన. అదేం అక్కర్లేదు, పక్కనున్న పులివాగుకి గీతల రాయి ఉందిగా, రెండూ ఒకే మబ్బు పాలు తాగిన అక్కాచెల్లెళ్ళు, దానికెంతో దీనికీ అంతే అన్నాడు సింగన్న. అని ఊరుకున్నాడా, ఒడ్డున గుంజ పాతేశాడు. కుమ్మరులు ఆ గుంజని నమ్ముకుని దాన్ని ఆనుకునే ఇళ్ళు లేపారు.

జోగి తిరిగొచ్చి అంతా విన్నాడు. ఆయన ఏడాదికి మాట్లాడేదే నాలుగు ముక్కలు, అందులో మూడు తన మేకతో.

మర్నాడు ఇద్దరినీ కొండ అవతల ఏనుగులవాగుకి తీసుకెళ్ళాడు. వాళ్ళెప్పుడూ అటు వెళ్ళినవాళ్ళు కారు. పెద్ద వరద వచ్చినప్పుడల్లా తాతముత్తాతలు గీత చెక్కిన రాయి దానికీ ఉంది. కానీ గీత ఒక్కటీ కనపడితే ఒట్టు. జోగి ముందే వచ్చి అడుగు నుంచి కొసదాకా బురద మెత్తేశాడు.

"దీనికీ రాయి లేదనుకోండి. మీ విద్యలతో చెప్పండి."

తిప్పన లెక్కగట్టి కిందెక్కడో గుంజ పాతాడు. సింగన్న పులివాగుని తలుచుకుని, తిప్పన గుంజకి పైన పాతాడు. జోగి రాయి మీద నీళ్ళు కుమ్మరించాడు. బురద జారింది. పైగీత, సింగన్న గుంజకి ఇంకో నిలువెత్తు పైన ఉంది.

అంతటితో ఊరుకుంటే వాడు సింగన్నెందుకవుతాడు.

"ఎంతైనా తిప్పన కంటే నేనే దగ్గర కదా స్వామీ."

"నీదే మేలు," అన్నాడు జోగి. గుంజ నుంచి గీత దాకా ఉన్న తేడాకి సరిగ్గా ఓ వెదురు నరికి వాడి చేతికిచ్చాడు. "పోయి మంకమ్మ గడపలో దీన్ని నిలబెట్టి, ఆ మాటే చెప్పు."

మంకమ్మ కుమ్మరుల కోడలు. పేరులేని వాగు ఒడ్డున గుంజ పక్కన మొదటి ఇల్లు ఆమెదే. సింగన్న వెళ్ళేసరికి అరుగు అలుకుతోంది. లోపల వాసానికి కట్టిన ఉయ్యాల్లో పసిది నిద్రపోతోంది.

వాడు వెదురుని గడపలో నిలబెట్టాడు. అది ఉయ్యాలని దాటి, చూరుకి తగిలింది.

"కొత్తింటికి తెచ్చావా సామీ, ఎంత గుర్తు పెట్టుకున్నావ్," అంటూ మంకమ్మ చేతులు కడుక్కొచ్చి, వెదురుకి ఒళ్ళంతా పసుపు రాసింది.

కొండ మీద ఉరిమింది.

తిప్పన కంటే తనే దగ్గరన్న మాట సింగన్న ఎత్తలేదు. లోపలికెళ్ళి ఉయ్యాల ముడి విప్పడం మొదలుపెట్టాడు.