గవరమ్మ పెట్టిన మందు

ఒకానొక రాజ్యం అంటే ఏ రాజ్యమని అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను. మేఖలాపురం. ఎక్కడుందని మాత్రం అడగకండి, నాకూ తెలియదు. దాన్ని ఏలే రాజు పేరు ఉద్దండ భూపతి. ఆయన తుమ్మినా భట్రాజులు బిరుదులు చదవాల్సిందే.

ఆ ఊరి కోటగుమ్మం పక్కన బండ్ల సంతలో గవరమ్మ అనే ఆవిడ పెసరట్ల అంగడి నడిపేది. బండి తోలేవాళ్ళు ఎద్దుల్ని విప్పకుండానే, కాడి మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో వేడి వేడి అట్టు అందుకుని తిని పోయేవారు. అంత చురుకు ఆవిడ చెయ్యి. భర్త పోయాక ఆవిడకి ఆ పొయ్యి తప్ప వేరే ఆధారం లేదు.

ఆ అంగడి ముందు జనాన్ని చూసి రాజుగారికి ముచ్చటేసింది. "మేమూ పెడతాం" అన్నాడు. సరిగ్గా ఎదురుగానే రాజభోజనశాల వెలిసింది. పాలరాతి అరుగులు, వెండి గరిటెలు, అంతఃపురం వంటవాళ్ళు, చేతికి అంటుకుంటే వదలనంత నెయ్యి. మొదటి రోజు ఊరు ఊరంతా వచ్చింది. రెండో రోజు ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళు వచ్చారు. ఆ తరవాత ఈగలు వచ్చాయి. ఒకసారి తిన్నవాడు మళ్ళీ ఆ గుమ్మం తొక్కితే ఒట్టు!

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. మంత్రి త్రయంబకుణ్ణి పిలిపించాడు. మంత్రికి తెలియని సంగతి లోకంలో లేదు. ఉందంటే ఆయన ఒప్పుకోడు.

"మహాప్రభూ, ఇందులో ఆలోచించడానికేముంది? గవరమ్మ మందు పెడుతోంది" అన్నాడు మంత్రి. "అల్లప్పచ్చడిలో ఏదో వేరు నూరి కలుపుతోంది. లేకపోతే ఏలినవారి నెయ్యిని కాదని జనం ఆ మసి పెనం దగ్గరికి ఎందుకు పోతారు?"

సభలో అందరూ తలలూపారు. కొండుభట్టు మాత్రం ఊపలేదు. ఆయన ఆస్థానంలో హాస్యం చెప్పే కవి. పొద్దున్నే గవరమ్మ అట్టు తింటేగాని ఆయనకి నోటివెంట చమత్కారం రాదు. అంగడి తీయించి ఆవిడని పొలిమేర దాటించాలని మంత్రి అనేసరికి ఆయన లేచి ముందుకొచ్చాడు.

"మంత్రిగారూ, మందు పెట్టినట్టు గుర్తు పట్టడమెలా?" అని అడిగాడు కొండుభట్టు.

"ఒకసారి తిన్నవాడు, ఎవరూ పిలవకుండా తనంతట తాను మళ్ళీ వెళ్ళాడంటే వాడికి మందు తలకెక్కినట్టే."

"ఎక్కినవాణ్ణి ఏం చెయ్యాలి?"

"కక్కించాలి. నిండు సభలో కక్కించాలి. నలుగురికీ బుద్ధొస్తుంది."

"ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే!" అన్నాడు మంత్రి.

"రాజాజ్ఞ!" అన్నాడు రాజు, మీసం దువ్వుతూ.

"అయితే ప్రభూ, శిక్ష వేసేముందు ఏలినవారే మారువేషంలో వెళ్ళి ఒక్కసారి తిని చూడండి. మామూలు మనుషులకి తెలియని మందు తమవంటి వారి నాలుకకి దొరక్కపోతుందా?" అన్నాడు కొండుభట్టు. పొగడ్త అనేసరికి రాజుగారు ఇట్టే ఒప్పుకున్నాడు.

మర్నాడు రాజు గొంగళి కప్పుకుని, బండివాడి వేషంలో కొండుభట్టు వెంట అంగడికి వెళ్ళాడు. వెళ్ళి, ఎవరైనా తెచ్చి ఇస్తారని ఠీవిగా నిలబడ్డాడు. పక్కనుంచి చేతులు చాపి జనం అట్లు అందుకుపోతున్నారు.

"ఆకు చాపు నాయనా!" అంది గవరమ్మ పెనం మీంచి తల ఎత్తి. "రాజుగారిలా అలా నిలబడితే అట్టు ఎగిరొచ్చి నోట్లో పడుతుందా?"

కొండుభట్టు దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. పుట్టాక మొదటిసారి ఉద్దండ భూపతి చెయ్యి చాపాడు. ఒక ముక్క తిన్నాడు. అల్లం ఘాటుకి కళ్ళవెంట నీళ్ళు కారాయి. చెంబెడు నీళ్ళు తాగి, కోటదారి పట్టాడు.

"మందు జాడ ఏమైనా తెలిసిందా ప్రభూ?" అని అడిగాడు కొండుభట్టు దారిలో.

"చూస్తాం" అన్నాడు రాజు.

ఒక రోజు గడిచింది. ఆ మర్నాడు కొండుభట్టు అట్టు కోసం వెళ్ళేసరికి గొంగళి కప్పుకున్న పెద్దమనిషి ఒకడు ఒంటరిగా అక్కడ నిలబడి ఉన్నాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆకు చాపాడు. గవరమ్మ అతనితో ఏదో అంది. అతను తల వంచుకుని ఒకటి తిన్నాడు. ఇంకోటి అడిగి తిన్నాడు. కొండుభట్టు బండి చాటునుంచి చూసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు. ఆ పూట ఆయన ఆకలితోనే ఉన్నాడు, కానీ ఆనందంగా ఉన్నాడు.

తీర్పు రోజు వచ్చింది. గవరమ్మని సభలో నిలబెట్టారు. ఆవిడ తల వంచుకునే ఉంది. సింహాసనం వైపు చూసే ధైర్యం కూడా లేదు. మంత్రి గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క క్షణం" అన్నాడు కొండుభట్టు. ఆయన వెనకాల మందు కక్కించే వైద్యుడు వీరన్న, ఒక చేత్తో పచ్చగా పొగలు కక్కుతున్న కషాయం, ఇంకో చేత్తో పెద్ద ఇత్తడి బేసిను పట్టుకుని వచ్చాడు. "ఆవిణ్ణి తరవాత శిక్షించుకోవచ్చు. ముందు మందు తిన్నవాళ్ళ ప్రాణాలు కాపాడాలి. అలాంటివారొకరు ఈ సభలోనే ఉన్నారు. ఒకసారి తిన్నారు, ఎవరూ పిలవకుండా మళ్ళీ వెళ్ళారు. నా కళ్ళారా చూశాను."

"ఎవరా దౌర్భాగ్యుడు?" అని అరిచాడు మంత్రి. "కక్కించండి!"

కొండుభట్టు వినయంగా సింహాసనం వైపు చెయ్యి చూపించాడు.

వీరన్నకి రాజైనా ఒకటే, రైతైనా ఒకటే. మెట్లెక్కి, బేసిను రాజుగారి ఒళ్ళో పెట్టి, "నోరు తెరవండి మహాప్రభో. కాస్త చేదుగా ఉంటుంది" అన్నాడు.

"ఆగరా!" అని గావుకేక పెట్టాడు రాజు. "మందూ లేదు, మట్టీ లేదు! ఆవిడ ఏమీ పెట్టలేదు!"

"మరి ఏలినవారు మళ్ళీ ఎందుకు వెళ్ళినట్టు?"

రాజు వీరన్న చేతిలోని కషాయాన్ని పక్కకి నెట్టాడు. తరవాత మెల్లిగా అన్నాడు. "మొన్న వెళ్ళేసరికి ఆవిడ, 'వచ్చావా నాయనా, ఆవేళ అల్లం నీకు మంటెత్తింది. నీకోసం బెల్లం ఎక్కువేసి కాస్త పచ్చడి పక్కన పెట్టాను. నిన్న రాలేదేం, ఒంట్లో బాగాలేదా?' అని అడిగింది. మేము భోంచేస్తుంటే చుట్టూ ఇంతమంది నిలబడతారు. మాకు కారమైందో లేదో మా అమ్మ పోయాక ఎవరూ అడగలేదు."

గవరమ్మ అప్పుడు తలెత్తి చూసి నోరు నొక్కుకుంది. "తమరా బాబూ! ఆకు చాపమన్నానే!"

"మంచిపని చేశావు" అన్నాడు రాజు. "అంతమంది వస్తారు కదమ్మా, ఎవరి సంగతి ఏమిటో అంతా ఎలా గుర్తుంచుకుంటావు?"

"నా పొయ్యి వెలిగేది వాళ్ళ దయవల్లే కదా ప్రభూ. మళ్ళీ వచ్చినవాణ్ణి చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అట్లు పోస్తుంటే చేతులు ఖాళీ ఉండవు. అందుకని బాగున్నావా అని అడుగుతాను."

కొండుభట్టు చేతులు జోడించాడు. "ప్రభూ, మన భోజనశాలలో ముందు భట్రాజు బిరుదులన్నీ చదువుతాడు. తినేవాడు తమ పటానికి మొక్కాలి. అప్పటికి అట్టు చల్లారిపోతుంది. మనం తినేవాడిచేత దణ్ణం పెట్టించుకుంటున్నాం. ఆవిడ తినేవాడికి దణ్ణం పెట్టుకుంటోంది. తేడా అంతే."

రాజు మంత్రి మొహం చూశాడు, ఒళ్ళోని బేసిను చూశాడు. పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకి కిరీటం పక్కకి ఒరిగిపోయింది. తన మెడలోని హారం తీసి కొండుభట్టుకి వేశాడు. గవరమ్మకి పట్టుచీర, అంగడికి ఎండావానా తగలకుండా రాతి పందిరి ఇప్పించాడు. "మా భోజనశాల మూయించమంటావా తల్లీ?" అని అడిగాడు.

"ఎందుకు బాబూ? ఊరి ఆకలి పెద్దది. ఇద్దరికీ చాలుతుంది" అంది గవరమ్మ. కొండుభట్టు ఎదుట వంగి, కళ్ళు తుడుచుకుంటూ, "మీ మేలు మరవలేను బాబుగారూ" అంది.

మర్నాడు పొద్దున రాజుగారే భోజనశాల గుమ్మంలో నిలబడ్డాడు. పటం లేదు, భట్రాజు లేడు. మొదట వచ్చిన బండివాడికి చేతులు జోడించి, "బాగున్నావా నాయనా?" అని అడిగాడు. వాడు హడలిపోయి బండి కూడా అక్కడే వదిలేసి పారిపోయాడు.

ఆ మరునాడు ఎవరూ పిలవకుండానే మళ్ళీ వచ్చాడు. ఈసారి తన బావమరిదిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు.